ఫార్మాట్ కొట్టనివ్వకండి

బరంపురంలో కంప్యూటరు బాగుచేసే దుకాణానికి ఏ జబ్బుతో వెళ్లినా దొరికే మందు ఒకటే. "ఫార్మాట్ కొట్టీస్తాను సార్, సాయంత్రానికి రెడీ." స్లో అయిందన్నా అదే, వైరస్ పట్టిందన్నా అదే, నల్ల తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు పడి ఆగిపోయిందన్నా అదే. మా ఊరొక్కటే ఇలా ఉందనుకున్నాం. ఖరగ్‌పూర్‌లో ఉన్న బంధువుల్నీ, జంషెడ్‌పూర్‌లో వియ్యాలవారినీ, రాయగడలో మేనత్తగారి పిల్లల్నీ అడిగితే అందరూ అదే పాట పాడారు. అందుకని ఈసారి పాత ఫోటోలూ, పెద్దమ్మ చెప్పిన వంటలూ పక్కన పెట్టి, కాస్త కోపంగానే ఇది రాస్తున్నాం.

మేము చెప్పదలచుకున్నది సూటిగా ఇది. తెలుగునాడుకి బయట స్థిరపడ్డ కుటుంబానికి ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు దస్తావేజుల పెట్టెతో సమానం. బ్యాకప్‌ని కొత్త డిస్కులో తిరిగి పెట్టాక అది బూట్ అవకపోతే, చాలాసార్లు పోయేది తాళంచెవి మాత్రమే. సామానంతా లోపల భద్రంగానే ఉంటుంది. తాళం రాలేదని పెట్టెనే పొయ్యిలో పెట్టించడానికి మనం డబ్బులిచ్చి మరీ ఒప్పుకుంటున్నాం. ఇది ఆగాలి.

"ఇంత పట్టింపు దేనికి? అందరిళ్లలోనూ కంప్యూటర్లు పోతాయి కదా" అంటారు. పోతాయి. కానీ మన ఇళ్ల సంగతి వేరు. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజు మన తాతలు ఇల్లు కదలకుండానే వేరే రాష్ట్రంవాళ్లు అయిపోయారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినందుకు గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మనవాళ్లు వెళ్లలేదు. పొలం ఇక్కడ, మగ్గం ఇక్కడ, కొట్టు ఇక్కడ, అమ్మవారు ఇక్కడ. ఉండిపోయారు. పిల్లలు ఒడియా బడికి వెళ్లారు, ఇంట్లో తెలుగు మాట్లాడారు, రాయడం మాత్రం తరం తరానికీ తగ్గిపోయింది.

వి.వి. గిరి గారు 1894లో ఈ ఊళ్లోనే పుట్టారు. రాష్ట్రపతి అయినవారు కనుక ఆయన గురించి రాసేవాళ్లున్నారు, దాచేవాళ్లున్నారు. మీ ముత్తాత గురించి ఎవరు దాస్తారు? మీ ఇంటి పెళ్లి శుభలేఖలు, బామ్మ రాసుకున్న మంగళహారతుల నోటుబుక్కు, 1936కి ముందు తెలుగులో రాసిన క్రయపత్రం, ఇవి ఏ ప్రభుత్వ గ్రంథాలయంలోనూ ఉండవు. భువనేశ్వరం వాళ్లకి అవి తెలుగువాళ్ల కాగితాలు. అమరావతి, హైదరాబాదు వాళ్లకి ఒడిశావాళ్ల కాగితాలు. మన దగ్గర ఉన్నదే మొదటి ప్రతి, మన దగ్గర ఉన్నదే చివరి ప్రతి. అందుకే ఒక మామూలు దుకాణంలో ఒక మామూలు సాయంత్రం జరిగే ఫార్మాట్ మన విషయంలో మామూలు సంగతి కాదు.

మా ఇంటి సంగతే చెబుతాం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. పెంకులు లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, బీరువాలోకి వాననీరు దిగింది. కాగితాలన్నీ వరండాలో తాళ్ల మీద బట్టల్లా ఆరేసుకున్నాం. ఆ ఏడాదే ఇంట్లో అందరం కూర్చుని ఒక నిర్ణయం చేశాం: ఉన్న ప్రతి కాగితాన్నీ స్కాన్ చెయ్యాలి. ఆ స్కాన్లన్నీ చేరింది పెదనాన్నగారి కంప్యూటర్లోకి. అప్పటికే అందులో ఆయన ఏళ్ల తరబడి టైపు చేసిన వంశవృక్షం ఉంది, కుటుంబ చరిత్ర ఉంది, ఊళ్లో తెలుగువాళ్ల సభలకి ఆయన వేసిచ్చిన కరపత్రాలున్నాయి. అన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పాత తెలుగు డీటీపీ ఫైలంటే ఏమిటో చాలామందికి తెలియదు. తెలుగుకి యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. విండోస్‌లో తెలుగు సరిగ్గా కనబడడం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో మొదలైంది. పేజ్‌మేకర్‌కి మాత్రం యూనికోడ్ చివరిదాకా రానే లేదు. అందుకని ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు చేసినవాళ్లందరూ ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చారు. తెర మీద మనకి "అ" కనబడుతుంది, ఫైల్లో మాత్రం ఏదో ఇంగ్లీషు గుర్తు ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే పిచ్చి గీతల వరస తప్ప ఏమీ ఉండదు. అప్పట్లో అంతకన్నా దారి లేదు గనక ఎవర్నీ అనడానికి లేదు. కానీ దాని ఫలితం మాత్రం మన నెత్తి మీద ఉంది: ఫైలు ఒక్కటే కాపీ చేసుకుంటే చాలదు, ఆ ఫాంటు, ఆ కీబోర్డు ప్రోగ్రాము, ఆ పేజ్‌మేకరు, కొన్నిచోట్ల దానికి తగిలించే హార్డ్‌వేర్ లాకు, అన్నీ కలిసి బతికి ఉండాలి. అంటే ఆ కంప్యూటరు మొత్తం, ఉన్నది ఉన్నట్టు బతకాలి.

మూడేళ్ల కిందట ఆ డిస్కు టిక్ టిక్ అని చప్పుడు చెయ్యడం మొదలెట్టింది. ఒక దుకాణంలో ఇచ్చాం. పేరు అనవసరం. మొత్తం బ్యాకప్ తీసి కొత్త ఎస్ఎస్‌డిలో పెడతామన్నారు, తీశారు, పెట్టారు. ఇంటికి తెచ్చి మీట నొక్కితే "నో బూటబుల్ డివైస్". వెనక్కి తీసుకెళ్తే వచ్చిన జవాబు మీరు ఊహించగలరు. "బ్యాకప్ పాడైపోనాది సార్. డేటా ఎలాగూ డి డ్రైవులో ఉంది కదా, సి కొట్టీసి కొత్త విండోస్ ఎక్కించీస్తాను."

ఆ ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలున్నాయి.

మొదటిది, డేటా డి డ్రైవులో ఉందన్నది. మన పెద్దవాళ్లు ఫైళ్లు ఎక్కడ దాస్తారు? డెస్క్‌టాప్ మీద, లేదా మై డాక్యుమెంట్స్‌లో. ఆ రెండూ ఉండేది సి డ్రైవులోనే, యూజర్స్ అనే ఫోల్డరు లోపల. ఫాంట్లు ఉండేది కూడా సి లోనే. "సి కొట్టేస్తే ఏం కాదు" అన్న మాటకి మన రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ల చరిత్రలు బలయ్యాయో లెక్క ఎవరూ వెయ్యలేదు గాని, ప్రతి కుటుంబంలోనూ "అవన్నీ పాత కంప్యూటర్లో ఉండేవి, పోయాయి" అనే వాక్యం ఒకటి ఉంది. మీ ఇంట్లో లేదా, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

రెండోది, బ్యాకప్ పాడైందన్నది. అది పాడవలేదు, సగమే తీశారు. ఎలాగో చెబుతాం, ఎందుకంటే ఇది తెలియకపోవడం వల్లే మనం ప్రతిసారీ తలూపుతున్నాం.

మీట నొక్కగానే కంప్యూటరు తిన్నగా విండోస్ దగ్గరికి వెళ్లదు. మా పెంకుటింట్లో వీధి గుమ్మం, చావడి, ఆ తరవాత పడకగది ఉన్నట్టు, దానికీ వరసన గుమ్మాలున్నాయి. పాత పద్ధతిలో, అంటే బయాస్ ఉన్న యంత్రాల్లో, ముందు డిస్కులోని మొట్టమొదటి 512 బైట్ల ముక్కని చదువుతుంది. దాన్ని ఎంబీఆర్ అంటారు. డిస్కు ఎన్ని భాగాలుగా ఉంది, అందులో యాక్టివ్ అని గుర్తు పెట్టిన భాగం ఏది అన్నది అక్కడ రాసి ఉంటుంది. ఆ యాక్టివ్ భాగంలో బూట్ మేనేజరు, బీసీడీ అనే చిన్న చిట్టా ఉంటాయి. "విండోస్ ఫలానా డిస్కులో ఫలానా భాగంలో ఉంది" అని ఆ చిట్టా చెబుతుంది. అప్పుడు గాని విండోస్ లేవదు. విండోస్ 7 సొంతంగా ఎక్కినప్పుడు ఈ బూట్ మేనేజరుని సి లో పెట్టదు. దాని ముందు సిస్టమ్ రిజర్వ్‌డ్ అని 100 ఎంబీల చిన్న భాగం చేసి అక్కడ పెడుతుంది. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు గనక మై కంప్యూటర్‌లో కనబడదు.

దుకాణంలో సి ఒక్కదానికే బ్యాకప్ తీశారు, సి ఒక్కదాన్నే తిరిగి పెట్టారు. ఇల్లంతా ఉంది, వీధి గుమ్మం లేదు. అంతే జరిగింది. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఫోన్లో చెబుతుంటే ఇంట్లోనే చేశాం. విండోస్ 7 డీవీడీ పెట్టి రిపేర్ భాగంలోకి వెళ్లి, డిస్క్‌పార్ట్‌తో ఆ సి భాగాన్ని యాక్టివ్ చేశాం. బూట్‌రెక్ అనే పనిముట్టుతో ఎంబీఆర్, బూట్ సెక్టరు మళ్లీ రాయించాం. బీసీడీబూట్ అనే ఆజ్ఞకి విండోస్ ఫోల్డరు ఎక్కడుందో చూపించాం, అది చిట్టా కొత్తగా రాసింది. నలభై నిమిషాల పని. పెదనాన్నగారి డెస్క్‌టాప్ మీద వినాయకుడి బొమ్మతో సహా అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క ఫైలు పోలేదు.

ఈ నలభై నిమిషాల పని చెయ్యడానికి బదులు పాతికేళ్ల పని చెరిపేస్తానన్నారు. మా కోపం దాని మీద.

కొత్త కంప్యూటర్లలో గుమ్మాల పేర్లు మారాయి గాని పద్ధతి అదే. ఇప్పుడు బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉంది, ఎంబీఆర్ స్థానంలో జీపీటీ పట్టిక ఉంది. బూట్ మేనేజరు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న ఫ్యాట్ 32 భాగంలో కూర్చుంటుంది. అది కూడా మై కంప్యూటర్‌లో కనబడదు. కనబడనిదాన్ని బ్యాకప్‌లో కలపడం మర్చిపోవడం కూడా ఇప్పటికీ అలాగే జరుగుతోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది గనక ఎన్నో ఇళ్లలో పాత డిస్కులు కొత్త యంత్రాల్లోకి మారుతున్నాయి. దుకాణాలకి ఇది పండగ సీజను. మనం జాగ్రత్తగా ఉండాల్సిన సీజను కూడా ఇదే.

తిరిగి పెట్టిన బ్యాకప్ బూట్ అవకపోతే ఏ వరసలో చూడాలో మా ఇంట్లో గోడకి అంటించుకున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా, పాత డిస్కుని ముట్టుకోకండి. అది తీసి పాత గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. కొత్తది నెల రోజులు సరిగ్గా నడిచేదాకా దాని మీద ఎవరూ ఏమీ రాయకూడదు. ఇంకో సంగతి: డిస్కుని డిస్కుకి అచ్చంగా క్లోన్ చేసినప్పుడు రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య వస్తుంది. రెండూ కలిపి ఒకే యంత్రానికి తగిలిస్తే విండోస్ తికమకపడుతుంది, ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసేస్తుంది. అందుకని మొదటిసారి కొత్తది ఒక్కటే ఉంచి ఆన్ చెయ్యండి.

రెండోది, బయాస్ సెటప్‌లోకి వెళ్లి చూడండి. డిస్కు పేరు అక్కడ కనబడుతోందా? బూట్ ఆర్డర్‌లో అది పైన ఉందా? పాత కంప్యూటరు లెగసీ పద్ధతిలో నడిచి, కొత్తది యూఈఎఫ్ఐ పద్ధతి మాత్రమే ఒప్పుకునేలా ఉంటే ఎంత మంచి బ్యాకప్ అయినా లేవదు. ఆ యంత్రంలో లెగసీ వీలుంటే పెట్టి చూడాలి, విండోస్ 10 అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంబీఆర్‌టుజీపీటీ పనిముట్టుతో మార్చుకోవచ్చు. "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం తెర వస్తే డిస్కు కంట్రోలరు పద్ధతి మారిందేమో చూడండి. పాతది ఏహెచ్‌సీఐలో ఉండి కొత్తది రెయిడ్‌లో ఉన్నా, అటుదిటైనా ఆ తెర వస్తుంది. ఒక్క సెట్టింగు వెనక్కి మారిస్తే సరిపోయే జబ్బుకి ఫార్మాట్ చేసిన ఇళ్లు మాకు తెలుసు.

గడియారం కూడా చూడండి. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్ 2032 సెల్లు అయిపోయింది. అది అయిపోతే సెట్టింగులన్నీ మొదటికి వచ్చేస్తాయి, అందులో మనం పెట్టిన బూట్ పద్ధతి కూడా పోతుంది. గడియారాల దుకాణంలో దొరికే సెల్లు అది.

మూడోది, ఏ రిపేరుకైనా ముందు ఫైళ్లు బయటికి తీసుకోండి. ఉబుంటు లాంటి లినక్స్‌ని ఒక పెన్‌డ్రైవులో ఎక్కించి, ఎక్కించకుండానే వాడి చూసే పద్ధతిలో నడిపితే విండోస్ లేవకపోయినా దాని లోపలి ఫోల్డర్లు తెరుచుకుంటాయి. యూజర్స్ ఫోల్డరు, ఫాంట్స్ ఫోల్డరు ఇంకో డిస్కులోకి కాపీ చెయ్యండి. డిస్కు బిట్‌లాకర్‌తో మూసి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కొత్త ల్యాప్‌టాపుల్లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లోపలికి వెళ్లగానే ఈ తాళం మనల్ని అడక్కుండానే పడుతుండడం మామూలైంది. ఆ కీ ఎక్కువగా ఆ అకౌంటులోనే దాచి ఉంటుంది. ఇవాళే తీసి కాగితం మీద రాసి పాస్‌బుక్కుల దగ్గర పెట్టండి.

నాలుగోది, అప్పుడు రిపేరు. విండోస్ వాళ్ల సొంత పెన్‌డ్రైవు చేసుకుని, దానితో ఆన్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా "రిపేర్ యువర్ కంప్యూటర్" నొక్కాలి. స్టార్టప్ రిపేర్ ఒకటికి రెండుమూడు సార్లు నడపండి, ఒక్కోసారి రెండో మాటుకి కుదురుతుంది. కుదరకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డిస్క్‌పార్ట్‌లో భాగాల జాబితా చూసి, ఈఎఫ్ఐ భాగానికి ఒక అక్షరం ఇచ్చి, బీసీడీబూట్‌తో అక్కడ చిట్టా రాయించాలి. ఆ తెరలో డ్రైవు అక్షరాలు మారిపోతాయి జాగ్రత్త. మనం సి అనుకునేది అక్కడ డి కావచ్చు. విండోస్ ఫోల్డరు ఎందులో ఉందో కళ్లతో చూశాకే ఆజ్ఞ ఇవ్వండి. కొత్త యంత్రాల్లో బూట్‌రెక్ "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటే భయపడకండి, వాటికి సరైన మందు బీసీడీబూటే.

ఇవన్నీ అయ్యాక కూడా లేవకపోతే అప్పుడు కొత్త విండోస్. అదీ ఇంకో కొత్త డిస్కు మీద.

ఇప్పుడు ఎదుటివాళ్ల మాట విందాం. "ఇంత గొడవెందుకు, అన్నీ క్లౌడులో పెట్టేస్తే పోలే" అంటారు మన పిల్లలు. పెట్టండి, వద్దనం. కానీ గూగుల్‌లో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, ఫోటోలకి లెక్కలేకుండా చోటు ఇవ్వడం 2021 జూన్ 1తో ఆగిపోయింది. రెండేళ్లు ఎవరూ ముట్టని అకౌంట్లని తీసేసే పద్ధతి 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. తాతగారు కాలం చేశాక ఆయన జీమెయిలు ఎవరు తెరుస్తున్నారు? ఏడాదికి ఆబ్దికం పెట్టేటప్పుడైనా ఒకసారి లాగిన్ అవుతున్నారా? అకౌంటుకీ సంవత్సరీకం అవసరమైన కాలం ఇది. పైగా అను ఫాంటులో ఉన్న ఫైలుని క్లౌడులో పెడితే పిచ్చి గీతలు ఆకాశంలో ఉంటాయి, అంతే తేడా.

ఇంకో మాట: "ఆ దుకాణం కుర్రాణ్ణి అంటారేం, అతనికి దొరికేది ఎంత?" ఈ మాట నిజం, అందుకే తప్పు సగం మనదే అంటున్నాం. ఫార్మాట్ అరగంట పని, మూడు వందలు. సరిగ్గా బాగుచెయ్యడం మూడు గంటల పని, దానికీ మనం మూడు వందలే ఇస్తామని బేరమాడతాం. పట్టుచీరకి జరీ చూసి ధర కట్టే ఊరు ఇది. పనిలో జరీ ఎంతో చూడకుండా ఇక్కడ మాత్రం గజం లెక్కన ఇస్తున్నాం. "ఎంతసేపైనా పట్టనీ బాబూ, రెట్టింపు ఇస్తాం, చెరపకుండా చెయ్యి" అని ఒక్కసారి అనండి. చెయ్యగలిగిన కుర్రాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. అడిగేవాళ్లే లేరు.

అలా ఇచ్చేముందు మూడు ప్రశ్నలు వెయ్యండి. డిస్కు మొత్తం, దాగి ఉన్న చిన్న భాగాలతో సహా ఇమేజి తీస్తారా? తిరిగి పెట్టాక మా ఎదురుగా ఆన్ చేసి చూపిస్తారా? పాత డిస్కు మా చేతికి తిరిగి ఇస్తారా? మూడింట్లో ఒక్కదానికి నీళ్లు నమిలినా యంత్రం పట్టుకుని ఇంటికి వచ్చేయండి.

మరి "మా దగ్గర బ్యాకప్ ఉంది" అని నిశ్చింతగా ఉండేవాళ్లకి మా చివరి పోట్లాట. తిరిగి పెట్టి చూడని బ్యాకప్ మీద భరోసా పెట్టుకోకండి. బ్యాంకు లాకరు తాళంచెవి పదేళ్లుగా కొంగున కట్టుకుని తిరుగుతూ అది ఆ లాకరుదేనో కాదో చూడనట్టు ఉంటుంది. క్లోన్‌జిల్లా లాంటి ఉచిత సాధనంతో డిస్కు మొత్తం ఇమేజి తీసి, ఒక ఖాళీ డిస్కులో పెట్టి, అది లేస్తోందో లేదో చూడండి. లేస్తేనే బ్యాకప్ ఉన్నట్టు. ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన మూడు-రెండు-ఒకటి లెక్క మనకి బాగా పనికొస్తుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. తుఫాన్ల తీరంలో ఉన్న మనకి ఆ మూడో ప్రతి ప్రాణం. మాది విశాఖలో ఉంది, ఆ ఊరికి 2014లో హుద్‌హుద్ వచ్చింది గనక ఇంకోటి రాయగడకి పంపాం.

ఇమేజి కూడా శాశ్వతం కాదని గుర్తుంచుకోండి. విండోస్ 7కి 2020 జనవరి 14తో సపోర్టు ఆగింది. పెదనాన్నగారి యంత్రాన్ని ఇంటర్నెట్‌కి తగిలించకుండా ఉంచుతున్నాం. అది బతికి ఉన్నంతలోనే వారానికి నాలుగైదు ఫైళ్ల చొప్పున పీడీఎఫ్ తీసి, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దుతున్నాం. వత్తులు తారుమారవుతాయి, మా ఊరి పేర్లు ఇంకేవో అవుతాయి, కూర్చుని చూడాల్సిందే. చూసేది తెలుగు చదవగలిగిన పెద్దవాళ్లు, మార్చేది కంప్యూటరు తెలిసిన పిల్లలు. ఆ వంకనైనా మనవలు బామ్మల పక్కన కూర్చుంటున్నారు, "ఇదేం అక్షరం?" అని అడుగుతున్నారు. పూర్తయినవి అచ్చు తీసి, కుట్టించి, ప్రతి ఇంటికీ ఒక ప్రతి పంపుతున్నాం.

ఒడిశాలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వస్తుంది. లారీకీ, మగ్గానికీ, కుట్టుమిషనుకీ బొట్టు పెట్టినట్టే కంప్యూటరుకీ పెడతాం. ఈ ఏడు బొట్టు పెట్టే ముందు ఒక ఆదివారం కూర్చోండి. బ్యాకప్ తీయండి, ఖాళీ డిస్కులో పెట్టండి, ఆన్ చెయ్యండి. లేవకపోతే పై వరస చూడండి, అయినా అర్థం కాకపోతే మాకు రాయండి, మా మేనల్లుడు ఫోన్లో చెబుతాడు. ఫార్మాట్ మాత్రం కొట్టనివ్వకండి.